సంస్కృతికి కొలబద్ద: దేశపు సగటు, రాజపాళయపు లెక్క



నూలు వడికే ఊరిలో కొలత అనే మాటకు ప్రత్యేకమైన మర్యాద ఉన్నది. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్‌ను స్థాపించిన నాటి నుండి ఈ పట్టణంలోని ఎన్నో కుటుంబాలకు నూలు కౌంటు నిత్యవ్యవహారంలోని మాట అయినది. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో, ఆ సంఖ్యయే ఆ నూలు కౌంటు. 40 చిలపలు తూగితే నలభయ్యో కౌంటు. 80 తూగితే అంతకంటె సన్ననిదైన ఎనభయ్యో కౌంటు. అయితే మిల్లు పని తెలిసినవారెవరూ ఆ ఒక్క సంఖ్యను చూసి నూలును కొనరు, అమ్మరు. సగటున నలభయ్యో కౌంటే అయినా ఒకచోట లావుగా, మరొకచోట పలుచగా ఉన్న నూలు మగ్గం మీద తెగుతుంది. అందుచేత కౌంటుతోపాటు బలాన్ని, ఎగుడుదిగుడులను కూడా పరీక్షిస్తారు. నమూనాను ఎక్కడినుండి తీశారో కూడా గమనిస్తారు.

నేటి ప్రసంగ విషయం నూలు కాదు, మనుషుల విలువలు. ఒక దేశ ప్రజలు పెద్దల ముందు ఎంతగా తల వంచుతారు, తమను ముందు పెట్టుకుంటారా లేక తమవారిని ముందు పెట్టుకుంటారా, తెలియని రేపటిని చూసి ఎంత జంకుతారు అనే సంగతులను అంకెలలో పెట్టి, దేశం పక్కన దేశాన్ని నిలిపి పోల్చే శాస్త్రం ఒకటి గత అర్ధశతాబ్దిలో బాగా పెరిగినది. ఆ అంకెలు గ్రంథాలయాలకే పరిమితం కాలేదు. వ్యాపార విద్యాలయాల పాఠ్యపుస్తకాలలోను, విదేశీ సంస్థలు తమ ఉద్యోగులకు ఇచ్చే శిక్షణలోను అవి చోటు చేసుకున్నాయి. "భారతీయులు ఇటువంటివారు" అనే మాట వెనుక అనేక పర్యాయాలు ఆ అంకెలే ఉంటాయి. ఈ ఊరి నుండి చెన్నైకి, బెంగుళూరుకు, సింగపూరుకు, అమెరికాకు వెళ్లే యువతీయువకులను కొత్త సహోద్యోగులు మొదట చూసేది ఆ అంకెల అద్దంలోనే కావచ్చును. కనుక ఆ అంకె ఎలా పుట్టినదో, ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకోవడం విద్వాంసుల పని మాత్రమే కాదు, పౌరుల పని కూడా.

కొలత పుట్టిన తీరు

ఈ రంగంలో అందరికంటె పేరుపొందిన కొలత నెదర్లాండ్స్ దేశస్థుడైన గేర్ట్ హాఫ్‌స్టెడ్ చేసినది. 1928లో జన్మించి 2020లో కన్నుమూసిన ఆయన మొదట యంత్రశాస్త్రం చదివిన ఇంజనీరు. తరువాత సామాజిక మనస్తత్వ శాస్త్రం వైపు మళ్లారు. ఐబీఎం సంస్థ 1967 నుండి 1973 వరకు అనేక దేశాలలోని తన ఉద్యోగులను వారి పనిని గురించి, పై అధికారులను గురించి ప్రశ్నించినది. 20 భాషలలో 1,16,000కు పైగా ప్రశ్నాపత్రాలు పోగుపడినవి. సంస్థ ఒకటే, ఉద్యోగాల తరగతులు ఒకటే, మారుతున్నది దేశం మాత్రమే. కాబట్టి జవాబులలో కనిపించే తేడా దేశ సంస్కృతిలోని తేడాయే అని హాఫ్‌స్టెడ్ వాదించారు. 40 దేశాల లెక్కలతో ఆయన గ్రంథం 1980లో వెలువడినది.

ఆయన మొదట నాలుగు కొలతలు నిర్ణయించారు. అధికారంలో హెచ్చుతగ్గులను ప్రజలు ఎంతవరకు సహజంగా అంగీకరిస్తారన్నది అధికార దూరం. తాను, తన సొంత నిర్ణయం అనే భావం ఎంత బలంగా ఉన్నదన్నది వ్యక్తి ప్రాధాన్యం. పోటీకి, విజయానికి ఇచ్చే విలువ మూడవది. తెలియనిదాని పట్ల వెరపు నాలుగవది. దీర్ఘదృష్టి, భోగప్రీతి అనే మరి రెండు కొలతలు తరువాత వచ్చి చేరాయి. దీర్ఘదృష్టి హాంకాంగ్‌లో పనిచేసిన మైకేల్ బాండ్ పరిశోధన నుండి, భోగప్రీతి బల్గేరియాకు చెందిన మైకేల్ మింకోవ్ పరిశోధన నుండి వచ్చినవి.

ఐబీఎం లెక్కలలో భారతదేశానికి అధికార దూరం 77, వ్యక్తి ప్రాధాన్యం 48, పోటీతత్వం 56, తెలియనిదాని పట్ల వెరపు 40. అధికార దూరంలో మలేషియాకు 104, ఆస్ట్రియాకు 11. వ్యక్తి ప్రాధాన్యంలో అమెరికాకు 91, జపానుకు 46. తెలియనిదాని పట్ల వెరపులో జపానుకు 92. ఈ పట్టికను చూసినవారికి భారతీయుడు పెద్దల మాటకు ఎదురు చెప్పనివాడుగా, అమెరికావాసి తన దారి తాను చూసుకునేవాడుగా, జపాను మనిషి ప్రతి అడుగూ లెక్క చూసి వేసేవాడుగా కళ్లకు కడతారు. అంత తేలికగా బొమ్మ కట్టించడమే ఈ అంకెల బలం. అదే వాటి ప్రమాదం కూడా.

హాఫ్‌స్టెడ్ ఒక్కరే కాదు, ఇతరులూ ఈ పనికి పూనుకున్నారు. షాలోమ్ ష్వార్ట్జ్ అనే ఇజ్రాయెల్ పండితుడు అనేక దేశాలలోని పాఠశాల ఉపాధ్యాయులను, విద్యార్థులను ప్రశ్నించి విలువలకు వేరొక పటం గీశారు. 1981లో మొదలైన ప్రపంచ విలువల సర్వే రొనాల్డ్ ఇంగిల్‌హార్ట్ నాయకత్వంలో విస్తరించి, సామాన్య ప్రజలనే నేరుగా ప్రశ్నించినది. రాబర్ట్ హౌస్ బృందం 62 సమాజాలలోని దాదాపు 17,000 మంది మేనేజర్లను ప్రశ్నించి 2004లో ఫలితాలు ప్రకటించినది. ఆ బృందం "ఇక్కడ ఎలా ఉన్నది", "ఎలా ఉండాలి" అని రెండు విధాలుగా అడిగినది. అధికార దూరం ఎక్కువగా ఉన్నదన్నవారే అది తక్కువగా ఉండాలని కూడా అన్నారు. జరుగుతున్నది వేరు, కోరుకునేది వేరు అన్న ఈ సంగతి ఇల్లు నడిపేవారెవరికైనా తెలిసినదే. అయినా అంకెలు చదివేటప్పుడు చాలామంది దానిని మరచిపోతారు.

77 అనే అంకె వెనుక

భారతదేశానికి వచ్చిన 77 అనే అంకె మూడు ప్రశ్నల నుండి పుట్టినది. పై అధికారి మాటతో ఏకీభవించకపోయినా ఆ సంగతి చెప్పడానికి ఉద్యోగులు ఎంత తరచుగా భయపడతారు అన్నది మొదటి ప్రశ్న. మీ అధికారి ఎటువంటివాడు అన్నది రెండవది. ఎటువంటి అధికారిని మీరు కోరుకుంటారు అన్నది మూడవది. మొదటిదానికి వచ్చిన జవాబుల సగటును, మిగిలినవాటికి వచ్చిన శాతాలను ఒక సూత్రంలో కూర్చితే ఆ దేశపు అధికార దూరం వస్తుంది.

ఇందులో "భయం" అనే ఒక్క మాటను పట్టి చూడాలి. రాజపాళయంలో పని నేర్చుకుంటున్న యువకుడు పెద్ద మేస్త్రి ఎదుట నోరు మెదపకపోతే దానిని తెలుగులో ఏమంటారు? భయం అనవచ్చును, జంకు అనవచ్చును. చాలాసార్లు అది మొగమాటం. ఎదుటివారి మనసు నొచ్చుకుంటుందేమో అన్న వెనుకాట. మరి కొన్నిసార్లు కేవలం గౌరవం. తమిళంలో అడిగితే పయం, తయక్కం, మరియాదై అనే మాటలు ఇదే విధంగా వరుస కడతాయి. ఈ నాలుగింటిలో అనువాదకుడు దేనిని ఎన్నుకుంటే దానికి తగిన అంకె వస్తుంది. "మీకు భయమా" అని అడిగితే ఆ యువకుడు రోషంతో లేదంటాడు. "మొగమాటమా" అని అడిగితే నవ్వి అవునంటాడు. మనిషి మారలేదు, మేస్త్రి మారలేదు. అంకె మాత్రం మారిపోయినది. భయభక్తులు అని భయాన్ని, భక్తిని ఒకే ఊపిరిలో పలికే భాష తెలుగు. తమిళంలోనూ భయభక్తి అనే జంటపదం ఉన్నది. ఈ రెండు భాషలు జంటగా కట్టిన భావాలను విడదీసి, అందులో సగానికి మాత్రమే మార్కు వేస్తే వచ్చే ఫలితాన్ని తొందరపడి నమ్మరాదు.

అధికార దూరం హెచ్చుగా ఉన్నంత మాత్రాన అది అణచివేతయే కానక్కరలేదని కూడా భారతీయ పరిశోధకులు చూపించారు. పాట్నాలో పనిచేసిన మనస్తత్వవేత్త జె.బి.పి. సిన్హా, ఈ దేశంలో ఫలితం సాధించే నాయకుడు ఆప్యాయంగా చూసుకుంటూనే గట్టిగా పని అడిగేవాడని 1980లో ప్రకటించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ఇంటి పెద్ద నడవడిని కార్యాలయంలోనూ ఆశించే ఉద్యోగి, ఆ పెద్దరికాన్ని భారంగా కాక అండగా చూడవచ్చును. ఆ తేడా 77 అనే అంకెలో కనబడదు.

వ్యక్తి ప్రాధాన్యం లెక్క మరీ ఆశ్చర్యకరమైనది. ఉద్యోగంలో ఏవి ముఖ్యమో చెప్పమని 14 అంశాల జాబితా ఇచ్చి, వచ్చిన జవాబుల నుండి దానిని తీశారు. సొంత జీవితానికి, కుటుంబానికి సమయం మిగలడం, పనిని తన పద్ధతిలో చేసుకునే స్వేచ్ఛ, సవాలుగా నిలిచే పని అనేవి ముఖ్యమన్నవారు వ్యక్తి ప్రాధాన్యం వైపు లెక్కకు వచ్చారు. శిక్షణ అవకాశాలు, మంచి గాలి వెలుతురు ఉన్న పనిచోటు, తన నైపుణ్యానికి పూర్తి వినియోగం ముఖ్యమన్నవారు సమూహం వైపు లెక్కకు వచ్చారు. ఈ లెక్క ప్రకారం, దూది రేణువులు ఎగిరే చోట గాలి బాగా ఆడాలని కోరిన మిల్లు కార్మికుడు సమూహవాది. సాయంకాలం పిల్లలతో గడపడానికి వేళ కావాలన్న కార్మికురాలు వ్యక్తివాది. ధనిక దేశాలలో శిక్షణ, వెలుతురు, మంచి యంత్రాలు ముందే సమకూరి ఉండడం చేత అక్కడివారు వాటిని ప్రత్యేకంగా కోరరని, పేద దేశాలలో అవి ఉన్నాయో లేవో అన్న ప్రశ్నయే పెద్దదని హాఫ్‌స్టెడ్ స్వయంగా వివరించారు. ఈ కొలతకు, దేశ సంపదకు దగ్గర సంబంధం ఉన్నదని కూడా ఆయనే చూపించారు. అయితే అంకె ఒకచోటి నుండి మరొకచోటికి చేరేటప్పుడు ఆ వివరణ వెనుకబడి, పేరు మాత్రం ముందుకు పోయినది.

ఏ భాషలో అడిగారు?

ఇంట తెలుగు, వీధిలో తమిళం, కార్యాలయంలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లు రాజపాళయంలో వేనవేలు. ఇటువంటి మనిషిని ప్రశ్నించేటప్పుడు ఏ భాషలో అడుగుతున్నారన్నది చిన్న విషయం కాదు. కెనడాలో చదువుతున్న, చైనాలో పుట్టిన విద్యార్థులను మైకేల్ రాస్ బృందం 2002లో పరీక్షించినది. తమను తాము వర్ణించుకొమ్మన్నప్పుడు చైనీయంలో రాసినవారు తమ సమూహాన్ని గురించిన మాటలు ఎక్కువగా రాశారు. ఇంగ్లీషులో రాసినవారిలో అవి తక్కువ. ఆన్-విల్ హార్జింగ్ 2005లో ప్రకటించిన పరిశోధనలో 24 దేశాల విద్యార్థులలో కొందరికి ఇంగ్లీషు ప్రశ్నాపత్రం, కొందరికి సొంత భాషలోని ప్రశ్నాపత్రం ఇచ్చారు. ఇంగ్లీషులో అడిగినప్పుడు దేశాల మధ్య తేడాలు తగ్గిపోయినవి. అంటే భాష కేవలం ప్రశ్నను మోసుకువచ్చే పల్లకి కాదు; జవాబులో దానికీ భాగం ఉన్నది.

పోలిక ఎవరితో అన్నది మరొక చిక్కు. "మీరు పెద్దలను ఎంత గౌరవిస్తారు" అని అడిగితే మనిషి తనను ప్రపంచంతో పోల్చుకోడు. అన్నదమ్ములతో, పక్కింటివారితో, నిన్నటి తరంతో పోల్చుకుంటాడు. రోజూ తల్లిదండ్రుల పాదాలకు నమస్కరించే అన్న ఉన్న ఇంట్లో, పండుగలకు మాత్రమే నమస్కరించే తమ్ముడు తనకు గౌరవం తక్కువని రాయవచ్చును. ఆ ఆచారమే లేని దేశంలో తండ్రికి వారానికొకసారి ఫోను చేసే కొడుకు తన గౌరవానికి పూర్తి మార్కులు వేసుకోవచ్చును. స్టీవెన్ హైన్, ఆయన సహచరులు 2002లో ఈ చిక్కును విశదంగా చూపించారు. నమ్మకం గురించిన ప్రశ్నకూ ఇదే గతి. "చాలామందిని నమ్మవచ్చునా" అని ప్రపంచ విలువల సర్వే అడుగుతుంది. ఆ "చాలామంది" అనే మాట కొన్ని దేశాలలో ముక్కూ మొహం తెలియనివారిని కూడా కలుపుకుంటుందని, మరికొన్ని దేశాలలో తెలిసినవారి వలయంలోనే ఆగిపోతుందని యాన్ డెల్హే బృందం 2011లో 51 దేశాల లెక్కలతో నిరూపించినది.

ఇంతకంటె లోతైన అభ్యంతరం ఎ.కె. రామానుజన్‌ది. మైసూరులో పుట్టి, తమిళ, కన్నడ సాహిత్యాలను ప్రపంచానికి పరిచయం చేసిన ఆ కవి పండితుడు 1989లో ప్రకటించిన ఒక వ్యాసంలో, భారతీయుల ఆలోచన సందర్భాన్ని బట్టి నడుస్తుందని ప్రతిపాదించారు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ తెలియనిదే ధర్మం ఏదో చెప్పలేమన్నది ఆ చూపు. ఉదయం మిల్లులో సొంత నిర్ణయాలు తీసుకునే స్త్రీ, సాయంకాలం కూతురి పెళ్లి మాటలలో అత్తగారి వైపు చూడవచ్చును. ఆమె వ్యక్తివాదా, సమూహవాదా? రెండూ నిజమే. ప్రశ్నాపత్రంలో ఒక్క గడికి మాత్రమే గుర్తు పెట్టమంటే ఆమె జీవితంలో సగం ఆ కాగితం బయటే మిగిలిపోతుంది.

ఒక్క మెతుకు, ఎన్నో కుండలు

అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని పెద్దలు అంటారు. ఆ మాట ఒక కుండ విషయంలో నిజం. భారతదేశం ఒక కుండ కాదు. పట్టణాలలో ఉన్న ఒక విదేశీ సంస్థ ఉద్యోగుల జవాబులతో పల్లె రైతును, ఈశాన్యంలోని కొండవాసిని, కావేరీ తీరపు పురోహితుని తూచడం ఒక మెతుకుతో అన్ని పొయ్యిల మీది కుండలనూ పరీక్షించడమే. బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో హాఫ్‌స్టెడ్ మీద చేసిన విమర్శలో ప్రధానమైన వాదం ఇదే.

దేశం లోపలి తేడాలు ఎంత పెద్దవి అన్నదానికి లెక్క కూడా ఉన్నది. 558 పరిశోధనల ఫలితాలను కూర్చి వాస్ తారాస్, పియర్స్ స్టీల్, బ్రాడ్లీ కిర్క్‌మన్ అనే ముగ్గురు 2016లో ఒక నిర్ణయానికి వచ్చారు. మనుషుల సాంస్కృతిక విలువలలో కనిపించే తేడాలలో దాదాపు 80 శాతం దేశాల లోపలనే ఉన్నవి. దేశానికీ దేశానికీ మధ్య ఉన్నది మిగిలిన భాగమే. నూలు భాషలో చెప్పాలంటే, రెండు బేళ్ల సగటు కౌంట్ల మధ్య ఉన్న తేడా కంటె ఒక్కొక్క బేలు లోపలి ఎగుడుదిగుడే చాలా ఎక్కువ.

భారతదేశం లోపలి తేడాకు ఇంటింటికీ తెలిసిన ఉదాహరణ మేనరికం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్లు దేశం మొత్తం మీద 11 శాతం. తమిళనాడులో అవి 28 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 26 శాతం. మామ కూతురు, అత్త కొడుకు వరస అవుతారన్న మాట దక్షిణాదిలో సహజం. ఉత్తరాదిలో అనేక కులాలలో అది ఊహకు అందని నిషిద్ధం. జొనాథన్ షుల్జ్ బృందం 2019లో, బంధుత్వాలు ఎంత చిక్కగా అల్లుకున్న సమాజమైతే అక్కడ వ్యక్తి ప్రాధాన్యం అంత తక్కువగా కనిపిస్తుందని అనేక దేశాల లెక్కలతో చూపించినది. ఆ పరిశోధనను అంగీకరించినవారు భారతదేశానికి ఏ ఒక్క అంకెను ఇవ్వగలరు? 11 అనే సగటు తమిళనాడునూ చెప్పదు, మేనరికం ఎరుగని ఉత్తరాది పల్లెనూ చెప్పదు.

భాషను బట్టి గీత గీద్దామన్నా రాజపాళయం ఆ గీతకు లొంగదు. విజయనగర కాలంలోను, మధుర నాయకుల కాలంలోను తెలుగునాటి నుండి దక్షిణానికి తరలివచ్చిన అనేక కుటుంబాల సంతతి ఈ ప్రాంతంలో ఉన్నది. ఈ ఊరి రాజులు ఆ వలస చరిత్రకు చెందినవారే. శతాబ్దాలు గడిచినా ఇంటి భాష నిలిచినది. ఊరి భాష తమిళమైనది. ఈ ఊరి బిడ్డ, 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా పేరునే చూడవచ్చును. మొదటి అక్షరం పూసపాటి అనే తెలుగు ఇంటిపేరు. రెండవది తండ్రి పేరైన సంజీవి; తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ముందు నిలపడం తమిళదేశపు అలవాటు. ఇంటిపేరు వంశాన్ని చెబుతున్నది, తండ్రి పేరు కుటుంబాన్ని చెబుతున్నది, తరువాతి పేరు మనిషిని చెబుతున్నది. రెండు సంస్కృతులు ఒక్క సంతకంలో పోట్లాట లేకుండా ఇమిడి ఉన్నవి. అటువంటి సంతకం పెట్టే ఊరు తెలుగు గడిలో పడుతుందా, తమిళ గడిలో పడుతుందా అని అడిగేవారు ముందుగా తమ గడులనే సరిచూసుకోవలసి ఉంటుంది.

కొలత అక్కరలేదా?

ఇంత చెప్పిన తరువాత కొలతలన్నీ వృథా అనుకోవడం పొరపాటు. కౌంటు ఒక్కటే చాలదు కదా అని ఏ మిల్లూ కౌంటు చూడడం మానలేదు. దేశాల సగటులలో తేడా నిజంగా ఉన్నది. వేరువేరు పరిశోధకులు, వేరువేరు కాలాలలో, వేరువేరు ప్రశ్నలతో అడిగినా ఆ తేడాలో కొంత మళ్లీ మళ్లీ కనబడుతున్నది. రాజపాళయం నూలును, ఈ చుట్టుపక్కల చత్రపట్టి వంటి ఊళ్లలో నేసే బ్యాండేజి గుడ్డను విదేశాలకు పంపే వ్యాపారికి ఈ ఎరుక ఉపయోగపడుతుంది. ఒక దేశపు కొనుగోలుదారు ప్రతి చిన్న నిబంధననూ కాగితం మీద ఎందుకు కోరుతున్నాడో, మరొక దేశపువాడు ముందు పరిచయం పెంచుకోవాలని ఎందుకు చూస్తున్నాడో ఊహించడానికి అది మొదటి మెట్టు. అయితే అది మొదటి మెట్టే; ఎదుట కూర్చున్న మనిషిని చూసిన తరువాత పట్టికను మూసివేయాలి.

దేశపు అంకెను మనిషికి అంటగట్టరాదన్న హెచ్చరిక కొత్తది కాదు. అమెరికా పండితుడు డబ్ల్యు.ఎస్. రాబిన్సన్ 1950లో ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. 1930 నాటి అమెరికా జనగణనలో, పరదేశాలలో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో అక్షరాస్యత కూడా ఎక్కువగా ఉన్నది. దానిని చూసి పరదేశీయులు బాగా చదువుకున్నవారని అనుకోవడం సహజం. మనిషి మనిషినీ లెక్కించి చూస్తే సంగతి తలకిందులు. వారిలో అక్షరాస్యత స్థానికుల కంటె తక్కువ. చదువు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో వారు వచ్చి స్థిరపడడమే దానికి కారణం. రాష్ట్రం గురించి నిజమైనది మనిషి గురించి అబద్ధం కావచ్చునని ఆ లెక్క తేల్చినది. తన పట్టికలు దేశాలను పోల్చడానికే గాని వ్యక్తులను తూచడానికి కాదని హాఫ్‌స్టెడ్ కూడా హెచ్చరించారు. ఉద్యోగానికి వచ్చిన యువతిని చూసి "భారతీయురాలు కనుక ఎదురు చెప్పదు" అని నిర్ణయించేవారు, ఆయన పేరు చెప్పి ఆయన మాటనే కాదంటున్నారు.

ఊరి చేతిలో ఉన్న పని

దేశదేశాల పట్టికలను సరిదిద్దడం 2011 జనగణనలో 1,30,000 పైచిలుకు జనాభా ఉన్న పట్టణానికి సాధ్యం కాదు. అయితే ఈ ఊరిలోనే జరిగే కొలతలను సరిగా జరిపించుకోవడం సాధ్యమే. నీటి సరఫరా నుండి చెత్త సేకరణ వరకు పౌరుల అభిప్రాయం అడిగే సర్వేలు నేడు పెరిగినవి. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పౌరుల మాటకు మార్కులు కూడా ఉన్నాయి. ఆ ప్రశ్నలు ఏ మాటలలో అడుగుతున్నారు, ఎవరిని అడుగుతున్నారు అన్నది ప్రతి పౌరుడూ అడగదగిన ప్రశ్న.

మంచి కొలతకు కావలసిన నియమాలు కష్టమైనవి కావు. ప్రశ్నను తమిళంలోను, తెలుగులోను, అవసరమైన ఇతర భాషలలోను సిద్ధం చేయాలి. అలా తర్జుమా చేసినదానిని మూలం చూడని మరొకరిచేత తిరిగి మూలభాషలోకి రాయించి, రెండింటినీ పోల్చాలి. భయం అన్న మాట గౌరవంగా తిరిగి వస్తే లోపం అక్కడే పట్టుబడుతుంది. తెలుగు మాట్లాడుతూ తెలుగు లిపి చదవలేనివారు ఈ ఊరిలో ఉన్నారు కనుక, అటువంటివారికి ప్రశ్నను చదివి వినిపించాలి. ఇంటి పెద్ద ఒక్కరితోనే ఆగక స్త్రీలను, యువకులను, వృద్ధులను విడివిడిగా అడగాలి. ఫలితం ప్రకటించేటప్పుడు సగటుతోపాటు ఎగుడుదిగుడునూ చెప్పాలి: నూటికి ఎందరు ఒక వైపు, ఎందరు మరొక వైపు, ఏ వార్డులో ఎంత. సగటు ఒక్కటే చెబితే అందరూ మధ్యలోనే ఉన్నట్టు భ్రాంతి కలుగుతుంది.

అన్ని సర్వేలలోకి పెద్దదైన జనగణనలో ఈ ఊరి చేతికే వచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. మాతృభాష ఏది అన్నది ఆ ప్రశ్న. బాల్యంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష అని జనగణన దానిని నిర్వచిస్తుంది. 2011 లెక్కలో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42 లక్షలకు పైగా. జనాభాలో దాదాపు 6 శాతం. తెలిసిన మరి రెండు భాషలు చెప్పే వీలు కూడా ఆ కాగితంలో ఉన్నది. కనుక తమిళాన్ని విడవకుండానే తెలుగును, తెలుగును దాచకుండానే తమిళాన్ని నమోదు చేయవచ్చును. పాఠశాలలో ఏ భాషకు చోటు, గ్రంథాలయంలో ఏ పుస్తకానికి అర అన్న చర్చలన్నీ చివరికి ఇటువంటి లెక్కల వద్దకే వస్తాయి. అడిగినప్పుడు చెప్పని భాష లెక్కలో ఉండదు. లెక్కలో లేని భాషకు అరలో చోటు దొరకడం కష్టం.

విలువలను కొలిచే శాస్త్రం నుండి పట్టణం నేర్చుకోదగినది ఇంతే. ప్రతి అంకె వెనుక ఒక ప్రశ్న ఉన్నది. ప్రశ్న వెనుక ఒక భాష ఉన్నది. భాష వెనుక ఒక ఇల్లు ఉన్నది. అంకెను గౌరవించాలి, కాని దానిని పుట్టించిన ప్రశ్నను ఎప్పుడూ అడిగి తెలుసుకోవాలి. "భారతీయులు ఇటువంటివారు" అని ఎవరైనా ఒక అంకె చూపినప్పుడు, ఎవరిని అడిగారు, ఏ మాటలలో అడిగారు, ఎగుడుదిగుడు ఎంత అని తిరిగి అడగగల యువతరం ఈ ఊరి నుండి బయలుదేరితే, నూలు కౌంటు తెలిసిన ఊరి పేరు నిలబడుతుంది.